పథ్యము – మాత్ర: మధుమేహాహార గ్రంథముల ప్రామాణ్య విచారము

వేటపాలెము సారస్వత నికేతనము పేరు వినని తెలుగు పరిశోధకుడు ఉండడు. 1918లో స్థాపితమై, 1929లో గాంధీమహాత్ముడు దర్శించిన ఆ గ్రంథాలయము పాత పత్రికల సంపుటములకు పెట్టినది పేరు. ఒకప్పుడు గుంటూరు మండలమునను, నేడు బాపట్ల జిల్లాయందును ఉన్న ఆ నేతగాండ్ర ఊరికి పోయినవారు సాధారణముగా సాహిత్యచరిత్రకు వలయు సామగ్రితో మరలి వత్తురు. కొన్నియేండ్ల క్రిందట నేను ఒక ప్రశ్నతో మరలి వచ్చితిని.

వైద్యవిషయక వ్యాసముల కొరకు పత్రికలు తిరుగవేయుచుండగా, ప్రక్క బల్లకడ కూర్చున్న ఒక వృద్ధుడు తన చేతనున్న పుస్తకమును నా ముందుంచెను. మగ్గముపై జీవితము గడపినవాడు. పదియేండ్లుగా మధుమేహ పీడితుడు. "మాస్టారూ! ఈ పుస్తకంలో షుగరుకి తేనె పథ్యమని ఉంది. ఆస్పత్రిలో తేనె ముట్టుకోవద్దన్నారు. ఇదీ పెద్దలు చెప్పిందే, అదీ చదువుకున్నవాళ్ళు చెప్పిందే. ఏది నమ్మమంటారు?" అని అడిగెను. వైద్యులను సంప్రదింపుడంటిని. సంప్రదించియే వచ్చితినని ఆయన బదులు చెప్పెను. అంతకు మించి నేనేమియు చెప్పలేకపోతిని. తరువాత రెండేండ్లకు నాకును అదే వ్యాధి కలదని పరీక్షలలో తేలినది. అప్పటినుండి ఆయన ప్రశ్న నా ప్రశ్నయైనది.

2023లో ప్రకటితమైన భారత వైద్య పరిశోధనా మండలి సర్వేక్షణము ప్రకారము మన దేశమున 10 కోట్లకు పైగా జనులు మధుమేహముతో జీవించుచున్నారు. వీరిలో ప్రతివారును దినమునకు రెండుమూడు పర్యాయములు "ఏమి తినవలయును?" అను ప్రశ్న నెదుర్కొనవలసినదే. సమాధానములకు కొదువ లేదు. వానిలో దేనిని నమ్మవలయునో తెలుపు పద్ధతియే కొదువ. చికిత్స చెప్పుట ఈ వ్యాసమున నా యుద్దేశము కాదు. అందుకు నాకధికారము లేదు. ఒక వాక్యము ఎవరిది, ఎవరి నుద్దేశించినది, ఏ కాలమునాటిది, చేతులు మారుటలో ఏమి పోగొట్టుకొన్నది అని విచారించుట మాత్రము మన వృత్తిధర్మము. ఆ విచారణను ఆహారగ్రంథములకు వర్తింపజేయుటయే ఇచ్చటి ప్రయత్నము.

1. శబ్దవిచారము

మొదట శబ్దముల సంగతి. ప్రాచీన వైద్యులు ప్రమేహములను ఇరువదిగా విభజించిరి. కఫజములు 10, పిత్తజములు 6, వాతజములు 4. మధుమేహము కడపటి నాలుగింటిలో ఒకటి. కావున ప్రమేహమునకు చెప్పిన పథ్యమెల్ల మధుమేహమునకు చెప్పినదని తలచుట తొందరపాటు. వాడుక తెలుగులో మేహశబ్దము ఇంకను దూరము పోయినది. సుఖరోగములకును, ఒంటివేడి వలన కలుగునని తలచు బాధలకును గూడ జనులు మేహమనియే పేరిడిరి. పాత పుస్తకమున "మేహమునకు పథ్యము" అని కన్పట్టినంతనే అది నేటి చక్కెరవ్యాధికి చెప్పినదని భావించుట ఇందువలన ప్రమాదకరము. మూత్రమందలి తీపి చక్కెర వలననే కలుగుచున్నదని 1776లో మాథ్యూ డాబ్సన్ ప్రయోగపూర్వకముగా నిరూపించెను. నాటినుండి వ్యాధికి రసాయనిక లక్షణమేర్పడినది. మన వాడుకమాట మాత్రము పాత విస్తృతిలోనే ఉండిపోయినది.

రెండవ శబ్దము పథ్యము. తెలుగువారి వాడుకలో పథ్యమనగా వర్జనము: ఉప్పు మానుట, పులుసు మానుట, కారము మానుట. శాస్త్రములో దాని యర్థము వేరు. శరీరమార్గములకు హాని చేయనిది, మనస్సునకు ప్రియమైనది పథ్యమని చరకసంహిత సూత్రస్థానము చెప్పుచున్నది. ప్రియత్వమును గూడ లక్షణములో చేర్చుట గమనింపదగినది. సహింపని తిండిని రోగి ఎన్నాళ్ళో తినడని ఆ లక్షణకర్త ఎరుగును. ఆ వెంటనే మరియొక మాట కలదు. ఏ పదార్థమును తనంతట పథ్యము గాని అపథ్యము గాని కాదు. మాత్ర, కాలము, క్రియ, భూమి, దేహము, దోషము అనువానిని బట్టి దాని గుణము మారును.

ఈ ఆరింటిలో మొదటిది మాత్ర, అనగా పరిమాణము. నేటి తెలుగులో మాత్రయనగా మందుబిళ్ళ. కొలతను చెప్పు శబ్దము కొలిచి యిచ్చిన వస్తువునకు పేరైనది. ఇట్టి అర్థసంకోచము భాషలో సహజమే. కాని పథ్యగ్రంథముల చరిత్రను పరిశీలించినచో, శబ్దముతోపాటు భావము కూడ మరుగుపడినట్లు కన్పట్టుచున్నది. ఆ చరిత్రయే ఇక చూడవలసినది.

2. శాస్త్రగ్రంథముల సాక్ష్యము

ప్రమేహ నిదానమును చెప్పునప్పుడు చరకసంహిత సుఖాసీనతను, అతినిద్రను, పెరుగును, పాలను, క్రొత్త ధాన్యమును, బెల్లపు వికారములను కారణములుగా పేర్కొన్నది. చికిత్సలో యవలకు అగ్రస్థానమిచ్చినది. పాతబియ్యము, పెసలు, చేదుకూరలు అనుమతించినది. సుశ్రుతుడు ఈ వ్యాధిని సహజమనియు, అపథ్యనిమిత్తజమనియు రెండుగా విభజించి, కృశించినవానికి పోషణప్రధానమైన చికిత్సను, స్థూలునకు కర్శనప్రధానమైన చికిత్సను విధించెను. ధనహీనుడు చెప్పులును గొడుగును లేక నూరు యోజనములు నడువవలయునని కూడ అతడు చెప్పెను. ఒకే వ్యాధికి రోగిని బట్టి చికిత్స మారుట ఇచ్చట స్పష్టము. 1936లో హెరాల్డ్ హిమ్స్‌వర్త్ ఇన్సులిన్‌కు స్పందించు రోగులను, తగినంత స్పందింపని రోగులను వేరుపరచెను. పద్ధతి వేరైనను రోగులందరు ఒక్క జాతి కారను వివేకము రెండుచోట్లను కలదు.

చరకసంహిత విమానస్థానము మొదటి అధ్యాయమున ఆహారమును పరీక్షించుటకు ఎనిమిది అంశములు చెప్పబడినవి: ప్రకృతి, కరణము, సంయోగము, రాశి, దేశము, కాలము, ఉపయోగసంస్థ, ఉపయోక్త. కరణమనగా దంచుట, నానబెట్టుట, వండుట మొదలగు సంస్కారము. రాశియనగా పరిమాణము. ఉపయోక్తయనగా తినువాడు. ఒక వంటకమును గూర్చి ఈ ఎనిమిదింటికి సమాధానము లభించినచో అది ఉపదేశము. లభింపనిచో అది నానుడి మాత్రమే.

ఇప్పుడు తేనె సంగతి చూతము. ప్రమేహ చికిత్సలో తేనె కలదనుట నిజము. త్రిఫలా కషాయమున నానిన యవలతోడను, ఉసిరికరసము పసుపుతోడను తేనె చెప్పబడినది. కాని ఈ యోగములలో తేనె మందుతో కలిపి తీసికొనునది. కడుపునింపుకొను ఆహారము కాదు. రూక్షగుణము కలదని, కఫమేదస్సులను తగ్గించునని ఆనాటి వైద్యులు దానిని చేర్చిరి. సంయోగమును, రాశిని, ఉపయోక్తను తొలగించి మిగిలినదానిని వ్రాసినచో "మధుమేహమునకు తేనె పథ్యము" అను వాక్యము మిగులును. వృద్ధుని పుస్తకమున నున్నది ఆ మిగిలిన వాక్యమే. అందు అబద్ధపు శబ్దమొక్కటియు లేదు; అయినను వాక్యము నమ్మదగినది కాదు.

యవల సంగతియు ఇట్టిదే. సముద్రతీరపు గుంటూరు సీమలో యవలు పండు పంట కాదు. సంస్కృతములోని యవశబ్దమును మనము బార్లీ యని అనువదించి, అంగడిలో పొట్టు తీసి మెరుగుపెట్టిన బార్లీని కొని తెచ్చుకొందుము. అనువాదము సరియైనదే కాని కరణము మారినది. పాత వైద్యుడు ఎదుటనున్న రోగిని చూచి, అతని ఊరి ధాన్యములలో సరిపోవుదానిని చెప్పెడివాడు. గ్రంథములోని లోపమును వైద్యుని నోటిమాట పూరించెడిది. ముద్రణమున గ్రంథము వచ్చినది కాని ఆ నోటిమాట రాలేదు.

3. ముద్రణయుగము

సంస్కృతముతో తెలుగును కలిపి నడచిన బసవరాజీయము వంటి వైద్యగ్రంథములు తాటియాకులనుండి అచ్చునకెక్కుటతో, వైద్యుల యింటనున్న విద్య చదువనేర్చిన ప్రతివానికి అందినది. ఇది గొప్ప మేలు. దీనితో ఒక కీడును వచ్చినది. వైద్యునికై వ్రాసినదానిని రోగి తనకై వ్రాసినట్లు చదువసాగెను.

కొలతలతో వచ్చిన చిక్కు ఇందుకు చక్కని యుదాహరణము. భారత ఆయుర్వేద యోగసంగ్రహము పలమునకు 48 గ్రాములని నిర్ణయించినది. మన అంగళ్ళలో వీశకు 40 పలములు; ఆ లెక్కన పలము సుమారు 35 గ్రాములు. శాస్త్రపలము అంగడిపలము కంటె మూడవవంతుకు పైగా ఎక్కువ. ఇక గిద్ద, సోల, తవ్వ, మానికలు ప్రాంతమును బట్టి మారెడివి. 1956 నాటి చట్టముతో దశాంశ కొలతలు వచ్చినవి. పుస్తకములలోని పాత కొలతలు పునర్ముద్రణములలో అట్లే నిలిచినవి. తొలిముద్రణ సంవత్సరమును తెలుపని పునర్ముద్రణములును అరుదు కావు. పాఠకుని చేతనున్నది ఏ తరము నాటి ఉపదేశమో అతనికి తెలియు మార్గము లేదు.

ఇదే కాలమున పాశ్చాత్య ప్రకృతిచికిత్స తెలుగునకు వచ్చినది. లూయీ కూనే జర్మన్ గ్రంథమును ద్రోణంరాజు వేంకటాచలపతిశర్మగారు 1894లో తెలుగు చేసిరి. భారతదేశమున ప్రకృతిచికిత్సా ప్రచారమునకు ఈ అనువాదమే నాందియని ఆ వైద్యచరిత్రలు చెప్పుచున్నవి. రోగములన్నియు ఒక్కటే, చికిత్సయు ఒక్కటే అని కూనే సిద్ధాంతము. మితాహారమును, శుభ్రతను, స్వయంసహాయమును ఆ గ్రంథము బోధించినది. అది పేదవానికి ధైర్యమిచ్చినది. కాని "ఉపయోక్త ఎవడు?" అను ప్రశ్నకు ఆ సిద్ధాంతమున చోటు లేదు. కృశునకును స్థూలునకును వేర్వేరు మార్గములు చెప్పిన సుశ్రుతుని తరువాత, ఇది సరళమైన మార్గమే గాని సూక్ష్మమైన మార్గము కాదు.

పత్రికలు వచ్చిన పిమ్మట ఉపదేశమునకును విక్రయమునకును సంబంధమేర్పడినది. 1893లో అమృతాంజనమును ఆరంభించిన కాశీనాథుని నాగేశ్వరరావుగారు 1908లో ఆంధ్రపత్రికను స్థాపించిరి. ఒంగోలు ప్రాంతమున జన్మించి మద్రాసులో వైద్యులుగా ఖ్యాతిగన్న కె.ఎన్. కేసరిగారు 1928లో గృహలక్ష్మిని నెలకొల్పిరి. మందుల ఆదాయముతో తెలుగు పత్రికారచన వర్ధిల్లినదనుట మనకు గర్వకారణమే. పరిశోధకుడు మాత్రము ఒక సంగతి మరువరాదు. ఒకే పుటలో వైద్యవ్యాసమును, మందు ప్రకటనయు ప్రక్కప్రక్కన నున్నప్పుడు, సామాన్య పాఠకునికి రెండును ఒకే గొంతుతో పలుకును. నాటి ప్రకటనలలోని గుణమందినవారి ఉత్తరములు నేటికిని వేరు రూపములలో కొనసాగుచున్నవి. గుణమందనివారి ఉత్తరములు ఏ కాలమునను అచ్చుకాలేదు.

వంటపుస్తకముల విషయమును ఇచ్చటనే చెప్పవలయును. మాలతీచందూర్‌గారి వంటలు-పిండివంటలు వంటి పుస్తకములు తల్లి ప్రక్కన నిలిచి నేర్చుకొను విద్యను అక్షరములలోనికి తెచ్చినవి. పాళ్ళు చెప్పుట వాని ఘనత. అయినను ఆ పాళ్ళు రుచికి సంబంధించినవి. ఒక్కొక్కరి విస్తరిలో ఎంత పడవలయునో చెప్పుట వాని ప్రయోజనము కాదు. తెలుగు వంటలో పదార్థముల చివర "తగినంత" అను మాట తప్పక వచ్చును. ఆరోగ్యవంతునికి ఆ మాట చాలును. మధుమేహికి ఆ "తగినంత" ఎంతయో తెలియుటయే ప్రధానము.

4. తూనికయుగము

1918వ సంవత్సరమున వేర్వేరు చోట్ల మూడు కార్యములు జరిగినవి. వేటపాలెమున సారస్వత నికేతనము వెలసినది. నీలగిరులలోని కూనూరున రాబర్ట్ మెక్కారిసన్ ఒక్క గదిలో బెరిబెరి పరిశోధన నారంభించెను. అమెరికాలో ఇలియట్ జోస్లిన్ వైద్యుడును రోగియు కలిసి చదువుకొనదగిన మధుమేహ కరదీపిక నొకదానిని ప్రకటించెను. పుస్తకములను భద్రపరచు చోటు, ఆహారమును తూచు చోటు, రోగికై వ్రాసిన పుస్తకము: ఈ మూడింటికి పరస్పర సంబంధము లేదు. కాని మన ప్రశ్నకు సమాధానము ఈ మూడును కలిసిన చోటనే కలదు.

కూనూరు పరిశోధనకు తెలుగుతీరముతో దగ్గరి సంబంధము కలదు. బెరిబెరి ఉత్తర సర్కారులలో చిరకాలముగా నెలకొన్న వ్యాధి. దానిపై మాల్కంసన్ వ్రాసిన వైద్యగ్రంథము 1835లోనే మద్రాసున వెలువడినది. మరపట్టి తెల్లగా చేసిన బియ్యము తినుటకును ఈ వ్యాధికిని గల సంబంధము క్రమముగా తేలినది. మరల కరణమే: ధాన్యము అదియే, దంచిన తీరు వేరు. ఆ చిన్నగది 1928లో పోషకాహార పరిశోధనాలయమై, 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థయైనది. 1937లో ఐక్రాయిడ్ ప్రకటించిన భారతీయాహార విలువల పట్టికలను 1971లో గోపాలన్, రామశాస్త్రి, బాలసుబ్రమణియన్ గారలు విస్తరించిరి. 2017లో 528 ఆహారపదార్థముల క్రొత్త పట్టికలు వెలువడినవి.

1971 నాటి పట్టికల ననుసరించి, 100 గ్రాముల పదార్థమునందు పిండిపదార్థము ఎంత కలదో చూతము. మరబియ్యమున 78.2 గ్రాములు, జొన్నలలో 72.6, రాగులలో 72.0, సజ్జలలో 67.5, కొర్రలలో 60.9, తేనెలో 79.5, బెల్లములో 95.0, చక్కెరలో 99.4. ఈ ఎనిమిది అంకెలు పెక్కు నానుడులను పరీక్షింపగలవు. చక్కెర మాని బెల్లము వాడువాడు తప్పించుకొన్నది అత్యల్పము. అన్నము మాని రాగిసంకటిని ఇష్టము వచ్చినంత తినువాడు తాను మారితినని తలచును గాని అంకె పెద్దగా మారదు. ధాన్యము మార్చుట వలన లాభము లేదని దీని యర్థము కాదు. 1981లో డేవిడ్ జెంకిన్స్ ప్రతిపాదించిన గ్లైసీమిక్ సూచిక, తిన్న పిండిపదార్థము రక్తములో చక్కెరను ఎంత వేగముగా పెంచునో తెలుపును. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు ముఖ్యులుగా 2021లో వెలువడిన సమీక్ష చిరుధాన్యముల సగటు సూచిక 52.7 అనియు, మరబియ్యము కంటెను మైదా కంటెను సుమారు 36 శాతము తక్కువయనియు తేల్చినది. శ్రీనాథుని పేర చెల్లు చాటువులలో పల్నాటి జొన్నకూడు పడిన ఎగతాళి జగమెరిగినదే; ఆ కూటికి నేడు గౌరవము కలిగినది. కాని గౌరవము మాత్రను రద్దు చేయదు.

మెంతుల కథ మరింత బోధప్రదము. మెంతులు చక్కెరవ్యాధికి మంచివని మన ముసలమ్మలు చెప్పుదురు. హైదరాబాదు సంస్థలో శర్మ, రఘురామ్ ప్రభృతులు దీనిని పరీక్షించి 1990లో ఫలితము ప్రకటించిరి. కొలదిమంది రోగులకు పది దినములు, నూనె తీసిన మెంతిపిండి దినమునకు 100 గ్రాములు, రెండు పూటల భోజనములో కలిపి పెట్టగా రక్తమునను మూత్రమునను చక్కెర తగ్గినది. ముసలమ్మల మాట నిలిచినది. కాని ఆ 100 గ్రాములెక్కడ, మన పోపులోని చిటికెడెక్కడ! నమ్మకమునకును జ్ఞానమునకును నడుమ గల యంతరము ఇచ్చట తూనికకు దొరికినది.

తూనికతో కూడిన ఉపదేశమైనను శాశ్వతము కాదు. ఇన్సులిన్‌కు పూర్వము ఫ్రెడరిక్ ఆలెన్ ఉపవాసప్రాయమైన ఆహారమును గ్రాములలో కొలిచి విధించెను. నాడు రోగిని కొంతకాలము నిలుపుటకు అంతకంటె మార్గము లేదు. 1922 జనవరిలో టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అను బాలునికి ఇన్సులిన్ ఇచ్చిన పిమ్మట ఆ పథ్యమునకు కాలము చెల్లినది. మద్రాసు స్టాన్లీ వైద్యశాలలో 1948లో మధుమేహ చికిత్సావిభాగమును ఆరంభించిన ఎం. విశ్వనాథన్‌గారు తరువాతి కాలమున పీచు అధికముగా గల, ధాన్యమును బహిష్కరింపని ఆహారమును దక్షిణదేశీయులకు ప్రతిపాదించిరి. గ్రంథాలయపు బీరువాలో 1915 నాటి పుస్తకమును 1975 నాటి పుస్తకమును ప్రక్కప్రక్కన నుండును. సంవత్సరమును చూడక తీసికొనువానికి రెండును ఒక్కటే.

5. నేటి బోధలు

ఇటీవలి దశాబ్దములలో తెలుగునాట మూడు ఆహారబోధలు మిక్కిలి ప్రచారము పొందినవి. మంతెన సత్యనారాయణరాజుగారు ఉప్పు నూనెలు లేని వంటను, పచ్చికూరలను, పండ్లను బోధించిరి. 2023లో పద్మశ్రీ పొందిన ఖాదర్ వలీగారు కొర్రలు, అండుకొర్రలు, ఊదలు, సామలు, అరికెలు అను ఐదు సిరిధాన్యములను చెప్పిరి. వీరమాచనేని రామకృష్ణగారి బోధ 2017 ప్రాంతమున వ్యాపించినది. అది ధాన్యమును విడిచి కొవ్వులను ప్రధానముగా గ్రహింపుమనును. ఒకరు నూనె వలదందురు, ఒకరు కావలయునందురు. ఒకరు ధాన్యమును మార్పుమందురు, ఒకరు మానుమందురు. ముగ్గురికిని వేలకొలది అనుయాయులు కలరు, గుణమందితిమని చెప్పువారును కలరు.

వీరిలో ఎవరిని ఖండించుట నా పని కాదు. ఒక్క సంగతి మాత్రము స్పష్టము. మూడు మార్గములలోను మరపట్టిన బియ్యము, చక్కెర, పిండివంటలు తగ్గుచున్నవి. గుణములో కొంత భాగము ఈ సామాన్యాంశము వలన కలిగియుండవచ్చును. రెండవది, సభలో చెప్పిన మాట ఉపయోక్తను ఎరుగదు. ఇన్సులిన్ గాని, చక్కెరను త్వరగా దించు కొన్ని మాత్రలు గాని వాడువాడు వైద్యునికి చెప్పక ధాన్యమును హఠాత్తుగా మానినచో రక్తములో చక్కెర అపాయకరముగా పడిపోవును. మూత్రపిండములు చెడినవానికి వర్జ్యములు వేరు. ఒకనికి పథ్యమైనది వేరొకనికి ప్రాణాపాయమగుట ఇచ్చట అలంకారము కాదు.

6. ఫలితాంశములు

ఈ విచారణ వలన తేలినదానిని సంగ్రహముగా చెప్పుదును. ఆహారోపదేశమునకు ప్రాచీనత ప్రామాణ్యము నీయజాలదు. ఆధునికతయు తనంతట నీయజాలదు. ఎంత, ఎట్లు వండినది, ఎవరికి, ఏ యేటి మాట, చెప్పువానికి విక్రయింపదగినదేమైన కలదా అను ఐదు ప్రశ్నలకు సమాధానమున్నచో దానిని విశ్వసించుటకు ఆధారము కలదు. మొదటి మూడును చరకసంహిత నెరిగినవారికి క్రొత్తవి కావు. నాల్గవది గ్రంథపరిష్కర్త నిత్యము వేసికొను ప్రశ్న. ఐదవది పత్రికాయుగము మనకు నేర్పినది. ఇన్నింటికి పైన మరియొక సాక్ష్యము కలదు. పాఠభేదములు వచ్చినప్పుడు మనము మూలప్రతిని చూతుము. మధుమేహికి మూలప్రతి తన రక్తమే. భోజనము ఆరంభించిన రెండు గంటలకు ఇంటనే చక్కెరను చూచుకొని, ఏమి ఎంత తింటినో వ్రాసి యుంచుకొని, ఆ పుటను వైద్యునికి చూపినవాడు ఏ పుస్తకమును చదివినను మోసపోడు.

మన శాఖలకు ఇందు చేయదగిన పని కలదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశమును భద్రిరాజు కృష్ణమూర్తిగారు వ్యవసాయపదములతో 1962లో ఆరంభించిరి. తరువాతి సంపుటము చేనేతను గూర్చినది. అదే పద్ధతిలో వంటింటి కొలతలను, ధాన్యముల ప్రాంతీయనామములను, వంటకములలోని సంస్కారభేదములను సేకరించి, పోషకాహార పట్టికలతో అనుసంధించినచో, "గరిటెడు", "చారెడు", "ముద్ద" అను మాటలు గ్రాములలో నిలుచును. రోగికి ఇంగ్లీషు పట్టిక కంటె తన వంటింటి మాటయే ఉపకరించును.

వేటపాలెపు వృద్ధునికి నేను బాకీపడిన సమాధానము ఇది. ఆ పుస్తకము అబద్ధము చెప్పలేదు, సగము చెప్పినది. తేనె మందునకు తోడుగా చెప్పిన వస్తువు. ఆనాటి వైద్యుని ఎదుట రోగి కూర్చుండెను. నేడు తూచి చూడగా నూరింట సుమారు ఎనుబది పాళ్ళు తీపియే. మీ రోగమును, మీరు వాడు మందులను ఎరిగి, మీ రక్తమును పరీక్షించి ఆస్పత్రివారు చెప్పిన మాటయే మీకు పథ్యము. ఈ మాట ఆనాడే చెప్పగలిగినచో బాగుండెడిది.